వేలు దగ్గర పెడితేనే తిరుగుతున్న స్టెప్పర్ మోటార్: ఆర్డ్యూనో ఊనో, ఏ4988 డ్రైవర్ వైరింగ్

కొత్తచేతులు
రెండు రోజులుగా దీనితోనే కూర్చున్నాను, ఇక నా వల్ల కాక అడుగుతున్నాను. కెమెరా అటూ ఇటూ మెల్లగా జరగడానికి ఒక స్లైడర్ చేస్తున్నాను. నీమా 17 సైజు స్టెప్పర్ మోటార్ (అడుగడుగుగా తిరిగేది), దాన్ని నడిపే ఏ4988 డ్రైవర్ బోర్డు, దానికి పల్సులు పంపే ఆర్డ్యూనో ఊనో (ప్రోగ్రామ్ రాసి వాడే చిన్న బోర్డు), 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్. ఊనో 3వ పిన్ను డ్రైవర్ స్టెప్‌కి (ఒక్కో పల్సుకి ఒక అడుగు), 4వ పిన్ను డైరెక్షన్‌కి (తిరిగే దిక్కు) ఇచ్చాను. ఊనో 5 వోల్టులు డ్రైవర్ వీడీడీకి (చిప్పు లాజిక్ సప్లై), అడాప్టర్ ప్లస్ వీమాట్‌కి (మోటార్ సప్లై), మోటార్ నాలుగు వైర్లు నాలుగు పిన్నులకి. మిగతా పిన్నులన్నీ వదిలేశాను.

సమస్య ఏమిటంటే, మోటార్ తిరగదు. కానీ డ్రైవర్ బోర్డు సరిగ్గా కూర్చుందో లేదో చూద్దామని వేలు దగ్గరికి తీసుకెళ్తే తిరగడం మొదలుపెడుతుంది! ముట్టుకోవాల్సిన పని కూడా లేదు, వేలు దగ్గరగా ఉంటే చాలు. చెయ్యి తీసేస్తే రెండు మూడు సార్లు ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోతుంది. నాకేమీ అర్థం కావడం లేదు. బోర్డు పాడైందా?

అడుగడుగు
నాకైతే బోర్డు పోయినట్టే అనిపిస్తోంది బ్రో. ఈ చిన్న బోర్డుల్లో టంకం సరిగ్గా లేనివి చాలా వస్తాయి. దీన్ని పక్కన పెట్టేసి డీఆర్వీ8825 తెచ్చుకోండి, అదే సాకెట్‌లో కూర్చుంటుంది, 1/32 వరకు మైక్రోస్టెప్ (ఒక్కో అడుగుని చిన్న ముక్కలుగా వేయడం) ఇస్తుంది, కెమెరాకి ఇంకా సాఫీగా ఉంటుంది.

మల్టీమీటర్
తొందరపడి ఏమీ మార్చకండి. మూడు విషయాలు చెప్పండి ముందు. అడాప్టర్ మైనస్, ఊనో గ్రౌండ్ ఒకదానికొకటి కలిశాయా? వీమాట్ పక్కన కెపాసిటర్ ఉందా? మోటార్ ఆగిపోయినప్పుడు షాఫ్ట్ చేత్తో తిప్పి చూస్తే గట్టిగా పట్టుకుని ఉందా, వదులుగా తిరిగిపోతోందా?

కొత్తచేతులు
గ్రౌండ్లు కలిశాయండి, డ్రైవర్‌కి ఉన్న రెండు గ్రౌండ్ పిన్నులూ వాడాను. ఒకటి అడాప్టర్‌కి, ఒకటి ఊనోకి. కెపాసిటర్ పెట్టలేదు, చాలా బొమ్మల్లో కనిపించలేదు. షాఫ్ట్ మాత్రం ఆగినప్పుడు చాలా వదులుగా ఉంది, కరెంటు లేనప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

పాతవైండింగ్
అయితే బోర్డుకేమీ కాలేదు, అది నిద్రపోయి ఉంది అంతే. షాఫ్ట్ వదులుగా ఉందన్న మాటే అసలు ఆధారం. డ్రైవర్ మెలకువగా ఉంటే, స్టెప్ పల్సులు రాకపోయినా కాయిల్స్‌లో కరెంటు నిలబడి ఉంటుంది, షాఫ్ట్‌ని వేళ్లతో తిప్పడం కష్టమవుతుంది. వదులుగా ఉందంటే ఔట్‌పుట్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయన్నమాట.

మిగతావి వదిలేశాను అన్నారు చూడండి, అక్కడే ఉంది. ఏ4988 బోర్డు మీద స్లీప్ పిన్నుకి వీడీడీ వైపు లాగి ఉంచే రెసిస్టర్ ఉంటుంది. మైక్రోస్టెప్ ఎంచుకునే ఎంఎస్ పిన్నులు, ఔట్‌పుట్‌లని ఆన్ ఆఫ్ చేసే ఎనేబుల్ వదిలేసినా ఫర్వాలేదు, వాటికీ ఒక స్థిరమైన స్థితి ఉంటుంది. కానీ రీసెట్ పిన్ను మాత్రం పూర్తిగా గాల్లో ఉంటుంది, దానికి ఏ ఆధారమూ ఉండదు. ఆ పిన్ను చుట్టుపక్కల ఏ చిన్న విద్యుత్ కదలిక ఉన్నా దానికే హై (వీడీడీ దగ్గరి వోల్టేజీ) అయిపోతుంది, మళ్లీ లో (సున్నా దగ్గర) అయిపోతుంది. మన ఒళ్లు కూడా ఇంటి కరెంటు తాలూకు హమ్‌ని పట్టే యాంటెన్నా లాంటిదే, అందుకే వేలు దగ్గరికి రాగానే రీసెట్ హై అయి చిప్పు లేస్తోంది. చెయ్యి తీయగానే లో, ఇక ఎన్ని పల్సులు పంపినా అది వినిపించుకోదు.

రీసెట్, స్లీప్ పక్కపక్కనే ఉంటాయి. ఆ రెంటినీ ఒక చిన్న జంపర్ వైరుతో కలిపేయండి. స్లీప్‌కి ఉన్న రెసిస్టరే రీసెట్‌ని కూడా పైకి లాగి పట్టుకుంటుంది. అడాప్టర్ తీసేశాకే చేయండి ఈ పని.

మల్టీమీటర్
అదే. ఇంకో మాట, డీఆర్వీ8825 తెచ్చి ఇలాగే పెట్టినా మీ సమస్య పోయేది కాదు. అందులో రీసెట్, స్లీప్ రెండింటికీ పైనుంచి హై ఇవ్వాలి, రెంటినీ 5 వోల్టులకి తగిలించాలి. ఏ4988లో వీడీడీ ఉన్న చోట దానికి ఫాల్ట్ పిన్ను ఉంటుంది. పైగా కరెంటు సర్దే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న బిరడా) బోర్డుకి రెండో చివర ఉంటుంది, ఏ4988 అలవాటుతో ప్రీసెట్ చూసి పెట్టేస్తే బోర్డు తలకిందులుగా కూర్చుంటుంది. ప్రీసెట్ చూసి కాదు, పిన్ను పేర్లు చదివి పెట్టాలి.

అడుగడుగు
నేను తొందరపడ్డాను, రీసెట్ సంగతి తట్టలేదు. నా 8825 బోర్డులన్నీ 3డీ ప్రింటర్ బోర్డులోనే వాడాను, అక్కడ ఆ పిన్నులు ముందే కట్టి ఉంటాయి కాబట్టి ఎప్పుడూ చూసుకునే అవసరం రాలేదు.

కొత్తచేతులు
జంపర్ పెట్టాను. తిరిగింది! చెయ్యి దగ్గరున్నా లేకపోయినా ఒకేలా తిరుగుతోంది, ఆపితే షాఫ్ట్ బిగుసుకుని ఉంటోంది. పాతవైండింగ్ గారూ, రెండు రోజుల తలనొప్పి ఒక్క అంగుళం వైరుతో పోయిందండి.

అయితే ఆ ఉత్సాహంలో వెంటనే స్లైడర్‌కి బిగించేద్దామని మోటార్ కేబుల్ పొడిగించాను. ఇంట్లో ఉన్న నాలుగు నల్ల వైర్లతో, మెలిపెట్టి టేపు చుట్టాను. ఇప్పుడు మోటార్ తిరగట్లేదు, గుర్రుమంటూ ఉన్న చోటే వణుకుతోంది. షాఫ్ట్ మాత్రం బిగుసుకునే ఉంది.

పాతవైండింగ్
నాలుగూ నల్లవే అంటే జతలు తారుమారు అయ్యాయి. ఈ మోటార్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి, ఒక్కో కాయిల్‌కి రెండు కొసలు. 1ఏ, 1బీ ఒక కాయిల్‌కే వెళ్లాలి, 2ఏ, 2బీ రెండో కాయిల్‌కి. ఒక కొస ఇటుది అటు పడితే మోటార్ అటా ఇటా తేల్చుకోలేక వణుకుతుంది. ఒకే కాయిల్ రెండు కొసలు వాటిలో అవి మారితే నష్టమేమీ లేదు, ఎదురు దిక్కుకి తిరుగుతుంది, అంతే.

రంగుల్ని నమ్ముకోవద్దు, ఒక్కో మోటార్‌కి ఒక్కో వరుస ఉంటుంది. నేను చేసే పద్ధతి చెప్తాను. అడాప్టర్, యూఎస్‌బీ రెండూ పీకేసి, మోటార్ వైర్లు డ్రైవర్ నుంచి విప్పేయండి. ఏవైనా రెండు కొసలు పట్టుకుని ఒకదానికొకటి తాకించి, షాఫ్ట్‌ని వేళ్లతో తిప్పండి. ఆ రెండూ ఒకే కాయిల్‌వి అయితే షాఫ్ట్ మెట్లు మెట్లుగా అడ్డుపడుతుంది, వేళ్లకే తెలిసిపోతుంది. మీరు తిప్పుతుంటే మోటార్ జనరేటర్‌లా పనిచేసి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే తిరిగి మీ చేతికి ఎదురు తిరుగుతుంది. వేర్వేరు కాయిల్స్‌వి అయితే ఎప్పటిలా వదులుగా ఉంటుంది. మల్టీమీటర్ ఉంటే ఓమ్‌లలో పెట్టి చూసినా చాలు, ఒక జత కొన్ని ఓమ్‌లు చూపిస్తుంది, తప్పు జత ఏమీ చూపించదు.

రాత్రిసోల్డర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, మెలిపెట్టి టేపు చుట్టాను అన్న మాట దగ్గర నాకు గుండె ఆగినంత పనైంది. దయచేసి ఆ జాయింట్లకి టంకం వేయండి, లేదా స్క్రూ టెర్మినల్ వాడండి.

నేను మొదటి డ్రైవర్‌ని ఇలాగే పోగొట్టుకున్నాను. పవర్ ఆన్‌లోనే ఉంది, మోటార్ ఆగి ఉంది కదా ఏమవుతుందిలే అని కనెక్టర్ లాగాను. టిక్కుమని చిన్న శబ్దం, అంతే. చిప్పు మీద ఆవగింజంత బుడిపె లేచింది, సన్నగా పొగ. ఆగి ఉన్నా కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుందని అప్పుడు తెలియదు నాకు. ఆ దారి హఠాత్తుగా తెగితే కాయిల్ ఊరుకోదు, పారుతున్న కరెంటుని ఎలాగైనా పారించాలని వోల్టేజీని ఒక్కసారిగా పైకి నెట్టేస్తుంది, ఆ దెబ్బ డ్రైవర్ మీదే పడుతుంది. వదులుగా మెలిపెట్టిన జాయింట్ స్లైడర్ కదిలిన ప్రతిసారీ మీకు తెలియకుండానే ఆ పని చేస్తుంటుంది.

కెపాసిటర్ కూడా వెంటనే పెట్టండి. వీమాట్, దాని పక్క గ్రౌండ్‌కి మధ్య 100 మైక్రోఫారడ్ ఎలెక్ట్రోలిటిక్, బోర్డుకి వీలైనంత దగ్గరగా. 12 వోల్టులకి 35 వోల్టుల రేటింగ్ ఉన్నది చాలు, ప్లస్ మైనస్ మాత్రం చూసుకుని. అడాప్టర్ గుచ్చిన క్షణంలో పొడుగు వైరు, బోర్డు మీదున్న చిన్న సిరామిక్ కెపాసిటర్లు కలిసి వోల్టేజీని అడాప్టర్ ఇచ్చేదానికంటే బాగా పైకి ఊపేస్తాయి. ఏ4988 తట్టుకునేది 35 వోల్టులే.

కొత్తచేతులు
అన్నా, మీ పోస్టు చదివి ముందు ప్లగ్గు పీకేశాను, తర్వాతే కూర్చున్నాను.

వేళ్లతో చూశాను. నల్ల వైర్లకి 1 నుంచి 4 వరకు కాగితం ముక్కలు అంటించి ఒక్కో జత తాకించాను. 1, 2 వదులుగానే ఉంది. 1, 3 తాకించగానే షాఫ్ట్ టక్ టక్ అని అడ్డుపడింది, వైర్లు విడదీస్తే మళ్లీ నూనె రాసినట్టు తిరిగింది. నిజంగా నా చేతుల్లోనే కరెంటు పుట్టి నా చేతినే ఆపుతోందంటే నమ్మలేకపోయాను, పది సార్లు కలిపి విడదీసి చూశాను. మీటర్‌లో 1, 3 మధ్య 1.6 ఓమ్‌లు, 2, 4 మధ్య 1.6 ఓమ్‌లు వచ్చింది. జాయింట్లకి టంకం వేసి, జతలు సరిచేసి, కెపాసిటర్ పెట్టాను. తిరుగుతోంది.

చిన్నచిప్పు
ఇదే చర్చలో నాదొక ప్రశ్న. నేను ఊనో బదులు ఈఎస్పీ32 (అలాంటిదే ఇంకో కంట్రోలర్ బోర్డు) వాడుతున్నాను. అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి, రీసెట్ స్లీప్ కలిపాను, అయినా మోటార్ ఒక్కోసారి అడుగులు మింగేస్తోంది. 35వ పిన్నుకి స్టెప్ ఇస్తే అసలు కదలనే లేదు, 26కి మార్చాక కదిలింది.

మల్టీమీటర్
ఈఎస్పీ32లో 34 నుంచి 39 వరకు పిన్నులు ఇన్‌పుట్‌కి మాత్రమే పనికొస్తాయి, వాటి నుంచి పల్సు బయటికి రాదు. అది ఒకటి. డ్రైవర్ వీడీడీకి ఎంత ఇచ్చారు?

చిన్నచిప్పు
5 వోల్టులండి, బోర్డు మీద విన్ పిన్ను నుంచి.

మల్టీమీటర్
అదే కారణం. ఏ4988 ఒక సిగ్నల్‌ని హై అని ఒప్పుకోవాలంటే అది వీడీడీలో 70 శాతం ఉండాలి. 5 వోల్టులు ఇచ్చారు కాబట్టి 3.5 వోల్టులు కావాలి, ఈఎస్పీ32 ఇచ్చేది 3.3 మాత్రమే. అంచు మీద ఉంది కాబట్టి కొన్ని పల్సులు లెక్కలోకి వస్తున్నాయి, కొన్ని పోతున్నాయి. వీడీడీని 3.3 వోల్టుల పిన్నుకి మార్చండి. ఈ చిప్పు లాజిక్ సప్లై 3 నుంచి 5.5 వోల్టుల వరకు తీసుకుంటుంది. అప్పుడు హై అనడానికి 2.3 వోల్టులు చాలు.

చిన్నచిప్పు
మార్చాను, పది నిమిషాలుగా ఒక్క అడుగూ పోలేదు. చాలా థాంక్సండి.

కొత్తచేతులు
మళ్లీ నేనే. బాగా తిరుగుతోంది అనుకున్నాను, మూడు నాలుగు నిమిషాలయ్యాక ఆగిపోతోంది. కాసేపు ఆగి దానంతట అదే మళ్లీ మొదలవుతోంది. డ్రైవర్ మీద వేలు పెట్టలేకపోతున్నాను, అంత వేడి. మోటార్ కూడా వేడెక్కింది. ప్రీసెట్ తిప్పి వీరెఫ్ (కరెంటు హద్దుని నిర్ణయించే వోల్టేజీ) 0.8 వోల్టులకి పెట్టాను, 1 ఆంపియర్ రావాలంటే అంతే పెట్టాలని ఒక చోట చదివాను. మోటార్ మీద 1.7 ఆంపియర్లు, 1.5 ఓమ్‌లు అని ఉంది.

అడుగడుగు
1.5 ఓమ్‌లు, 1.7 ఆంపియర్లు అంటే ఆ మోటార్ 2.55 వోల్టులది. మీరు 12 ఇస్తున్నారు, వేడెక్కక ఏం చేస్తుంది? 5 వోల్టుల అడాప్టర్ పెట్టి చూడండి.

పాతవైండింగ్
అడుగడుగు గారూ, ఈ అనుమానం దాదాపు అందరికీ వస్తుంది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మోటార్‌ని నేరుగా 12 వోల్టులకి తగిలిస్తే మీరన్నట్టే అవుతుంది, 12ని 1.5తో భాగిస్తే 8 ఆంపియర్లు, కాయిల్ మాడిపోతుంది. కానీ మధ్యలో ఈ డ్రైవర్ ఉన్నదే అందుకు. అది 12 వోల్టులు ఇస్తుంది, కాయిల్‌లో కరెంటు పెరుగుతుంటే చూస్తూ ఉంటుంది, మనం పెట్టిన హద్దు తాకగానే కోసేస్తుంది, కాస్త తగ్గగానే మళ్లీ ఇస్తుంది. సెకనుకి వేల సార్లు ఇదే పని. మోటార్‌కి అందేది మనం పెట్టిన కరెంటే తప్ప 12 వోల్టుల పూర్తి దెబ్బ కాదు.

మరి ఎక్కువ వోల్టేజీ ఎందుకంటారా, వేగం కోసం. కాయిల్‌లో కరెంటు వెంటనే పెరగదు, ఇండక్టెన్స్ అడ్డుపడుతుంది. ఈ సైజు మోటార్‌కి 2.8 మిల్లీహెన్రీలు అనుకుని లెక్క వేయండి. 1 ఆంపియర్‌కి చేరడానికి 12 వోల్టులైతే పావు మిల్లీసెకను పడుతుంది. 2.55 వోల్టులైతే 1.6 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకి 1000 అడుగులు వేయాలంటే ఒక్కో అడుగుకి ఉన్న సమయమే 1 మిల్లీసెకను, కరెంటు చేరేలోపే తర్వాతి అడుగు వచ్చేస్తుంది, ఇక బలం ఎక్కడిది? ఇంకో సంగతి, ఈ డ్రైవర్ వీమాట్‌కి కనీసం 8 వోల్టులు కావాలి, 5 పెడితే ఇది సరిగ్గా పనే చేయదు.

కాబట్టి వేడికి కారణం వోల్టేజీ కాదు, కరెంటు హద్దు. అది చూడాలి.

మల్టీమీటర్
0.8 అన్న లెక్క తప్పు కాదు, కానీ అది అన్ని బోర్డులకీ సరిపోదు. వీరెఫ్ కావాలంటే 8ని కరెంటుతో, సెన్స్ రెసిస్టర్ (కాయిల్ కరెంటుని కొలవడానికి ఉన్నది) విలువతో గుణించాలి. ఆ రెసిస్టర్ బోర్డు బోర్డుకీ మారుతుంది. చిప్పు పక్కన నల్లగా రెండు చిన్న బిళ్లలు ఒకేలాంటివి ఉంటాయి, వాటి మీద ఏం రాసి ఉందో ఫోన్ కెమెరా జూమ్ చేసి చదవండి.

కొత్తచేతులు
టార్చి పక్కనుంచి కొట్టి ఫొటో తీస్తే కనిపించింది. ఆర్050 అని ఉంది, రెండింటి మీదా.

మల్టీమీటర్
అంటే 0.05 ఓమ్‌లు. మీరు చదివిన లెక్క ఆర్100 ఉన్న బోర్డుది. మీ బోర్డులో 0.8 వోల్టులు పెడితే హద్దు 2 ఆంపియర్లకి వెళ్లిపోయింది. ఈ బోర్డు గాలి, హీట్‌సింక్ లేకుండా కాయిల్‌కి 1 ఆంపియర్ దగ్గరే మోయగలదు, మోటార్ రేటింగే 1.7. చిప్పు బాగా కాగిపోతే తనను తాను ఆపేసుకుంటుంది, చల్లారాక మళ్లీ లేస్తుంది, మీరు చూసింది అదే. 0.4 వోల్టులకి దించండి, 1 ఆంపియర్ అవుతుంది. ఆర్068 ఉన్నవాళ్లకి అదే 1 ఆంపియర్‌కి 0.54 దగ్గర.

సర్దేటప్పుడు మీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్‌కి, ఎర్ర ప్రోబ్ ప్రీసెట్ లోహపు తలకి. స్క్రూడ్రైవర్ జారి పక్క పిన్నుని తాకితే అక్కడికి అయిపోతుంది, అందుకే నేను ప్లాస్టిక్‌దే వాడతాను. లేకపోతే పవర్ తీసి కొంచెం తిప్పి, మళ్లీ ఇచ్చి చూడండి. వెంట్రుకవాసి తిప్పినా రీడింగ్ చాలా మారుతుంది. కాయిల్‌కి సిరీస్‌లో మీటర్ పెట్టి కొలిచేవాళ్లకి ఒక మాట, ఫుల్ స్టెప్‌లో కనిపించేది హద్దులో 70 శాతమే, అది చూసి ఇంకా పెంచేయకండి. ఆ మీటర్‌ని కూడా పవర్ ఉండగా విప్పకండి, రాత్రిసోల్డర్ గారు చెప్పిందే.

కొత్తచేతులు
0.41 దగ్గర నిలిచింది. అరగంటగా నడుస్తోంది, వేలు పెట్టగలుగుతున్నాను. అడాప్టర్ 2 ఆంపియర్లది కదా, రెండు కాయిల్స్‌కి 1, 1 అంటే సరిగ్గా అంచు మీద ఉన్నట్టా?

పాతవైండింగ్
కాదు, చాలా మిగులుంది. రెండు కాయిల్స్‌లో 1 ఆంపియర్ చొప్పున, 1.5 ఓమ్‌ల మీద ఖర్చయ్యేది 3 వాట్లే. అది 12 వోల్టుల వైపు నుంచి చూస్తే పావు ఆంపియర్. తిరుగుతున్నప్పుడు, డ్రైవర్ నష్టాలు కలిపి ఇంకొంచెం పెరుగుతుంది. కాయిల్ కరెంటు వేరు, అడాప్టర్ కరెంటు వేరు.

కోడ్‌బండి
వైరింగ్ అయిపోయినట్టుంది కాబట్టి అడుగుతున్నాను, పల్సులు ఎలా పంపుతున్నారు? కెమెరాకి కాబట్టి ఫుల్ స్టెప్‌లో వదిలేస్తే వీడియోలో ఒక్కో అడుగూ కుదుపుగా కనిపిస్తుంది.

కొత్తచేతులు
500 మైక్రోసెకన్లు హై, 500 లో, అంతే. మెల్లగా పెడితే నిజంగానే కుదుపులున్నాయి. వేగం ఇంకా పెంచితే మొదట్లోనే కీచుమని నిలబడిపోతోంది.

కోడ్‌బండి
ఎంఎస్1, ఎంఎస్2, ఎంఎస్3 మూడూ వీడీడీకి కట్టండి, 1/16 అవుతుంది. చుట్టుకి 200 బదులు 3200 అడుగులు. మీ బెల్టు 2 మిల్లీమీటర్ల పిచ్, పుల్లీ 20 పళ్లది అయితే చుట్టుకి 40 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో మైక్రోస్టెప్‌కి 0.0125 మిల్లీమీటర్లు. సెకనుకి 20 మిల్లీమీటర్లు జరగాలంటే 1600 పల్సులు.

నిలబడిపోవడం గురించి: మీ 500, 500 అంటే సెకనుకి 1000 అడుగులు, ఫుల్ స్టెప్‌లో నిమిషానికి 300 చుట్లు. ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా అంతకంటే వేగంగా పరిగెత్తమంటే రోటార్ ఆ అయస్కాంత క్షేత్రాన్ని అందుకోలేదు, దానికి మీ కెమెరా బరువు కూడా తోడు. యాక్సెల్‌స్టెప్పర్ లైబ్రరీ పెట్టుకోండి, వేగం మెల్లగా పెంచి మెల్లగా దించుతుంది. డ్రైవర్ రకం 1 అని ఇవ్వాలి. రన్ ఫంక్షన్‌ని లూప్‌లో ఎడతెగకుండా పిలుస్తూ ఉండాలి, దాని మధ్యలో డిలే పెట్టకూడదు. సీరియల్‌లో ప్రింట్ చేసే అలవాటుంటే అదీ తీసేయండి, 9600 వేగంలో ఒక్కో అక్షరానికి దాదాపు 1 మిల్లీసెకను, బఫర్ నిండాక లూప్ అక్కడే ఆగుతుంది, మోటార్ గరగరమంటుంది. అది చూసి వైరింగ్ మీద అనుమానపడిన వాళ్లని నేను చాలామందిని చూశాను. ఊనో మీద ఈ లైబ్రరీతో సెకనుకి 4000 అడుగుల దాకా వస్తుంది, మీ 1600కి సరిపోతుంది.

రాత్రిసోల్డర్
ఎనేబుల్ పిన్ను గురించి కూడా ఒక ముక్క. షాట్ల మధ్య చల్లబడాలని ఎనేబుల్‌ని హై చేస్తే మోటార్ పట్టు వదిలేస్తుంది, స్లైడర్ ఏటవాలుగా ఉంటే కెమెరా కిందికి జారిపోతుంది. నిలువుగా వాడే ఆలోచన ఉంటే ఆ పని చేయకండి.

కొత్తచేతులు
అన్నీ చేశాను. ఇప్పుడున్న వైరింగ్ ఇది, తర్వాత చూసేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను: స్టెప్ 3, డైరెక్షన్ 4, రీసెట్ స్లీప్ కలిపి, ఎంఎస్ మూడూ వీడీడీకి, రెండు గ్రౌండ్లూ వాడి, వీమాట్ దగ్గర 100 మైక్రోఫారడ్, వీరెఫ్ 0.41, సెన్స్ ఆర్050. మోటార్ వైర్లు బ్రెడ్‌బోర్డు నుంచి తీసేసి స్క్రూ టెర్మినల్‌కి మార్చాను.

సెకనుకి 5 మిల్లీమీటర్ల వేగంలో కెమెరా పెట్టి తీశాను. పట్టాలకి చెవి ఆనిస్తే తప్ప శబ్దం లేదు. ఒక చివర నుంచి మరో చివరకి, మళ్లీ వెనక్కి, ఇరవై సార్లు తిప్పాను, పెన్సిల్‌తో పెట్టిన గీత మీదికే ప్రతిసారీ వచ్చి ఆగింది. బోర్డు పోయిందని మొన్ననే చెత్తబుట్టలో వేసేవాడిని. అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి.

పాతవైండింగ్
ఇరవై సార్లు గీత మీదికే వచ్చిందంటే ఒక్క అడుగూ పోలేదన్నమాట, చాలా సంతోషం. చివర్లలో లిమిట్ స్విచ్‌లు (బండి చివరికి వచ్చిందని చెప్పేవి) పెట్టాలనుకుంటే, వాటి వైర్లని మోటార్ వైర్ల పక్కనే కట్ట కట్టకండి, దూరంగా లాగండి. ఆ ఇన్‌పుట్ పిన్నుకి ఊనోలో పుల్అప్ (పిన్నుని పైకి లాగి ఉంచే రెసిస్టర్) ఆన్ చేయండి. లేకపోతే అదీ గాల్లోనే ఉంటుంది, మళ్లీ వేలు దగ్గర పెట్టి చూసుకోవాల్సి వస్తుంది.